చెట్టుకింద ఆగిపోయిన కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో "పాత కార్ల గురించి అడగండి" అని ఒక్క లైను వేస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. పశువుల పాకలోనో, మూతబడిన రైసు మిల్లు ఆవరణలోనో, ఇంటి వెనక చెట్టు కిందో ఎక్కడ చూసినా ఒక అంబాసిడరో, ఫియటో నిలబడి ఉందన్నమాట. చదువుతుంటే సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. భయం ఎందుకంటే చాలామంది "వచ్చే ఆదివారం కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొడతాం" అని రాశారు. దయచేసి ఆగండి. మొదటి జవాబు చదివాకే ఆ బండి మీద చెయ్యి వేయండి.

ప్రశ్న: మా తాతయ్యది 1977 అంబాసిడర్ మార్క్ 3. ఆయన పోయినప్పటి నుంచి, అంటే పదమూడేళ్లుగా, పెరట్లో వేపచెట్టు కింద ఉంది. ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగిస్తే స్టార్టవుతుందని మా ఊరి మెకానిక్ అంటున్నాడు. లాగించమంటారా సార్? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

వద్దు. ఈ ఒక్క మాట కోసమే ఈ నెల పేజీ అంతా రాయొచ్చు.

పదమూడేళ్లు కదలని ఇంజిన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. సిలిండర్ గోడల మీద ఉన్న ఆయిల్ పొర ఎప్పుడో కారిపోయి ఉంటుంది. ఇంజిన్ ఆగినప్పుడు ఒకట్రెండు సిలిండర్లలో వాల్వులు కొంచెం తెరుచుకునే ఉంటాయి, అందులోంచి వానాకాలం తేమ లోపలికి పోతుంది, పిస్టన్ రింగులు బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, తుప్పుతో అతుక్కుపోతాయి. కొన్ని వాల్వులు గైడ్లలోనే బిగిసిపోతాయి. ఇప్పుడు గేరులో పెట్టి ట్రాక్టర్‌తో లాగితే ఏమవుతుంది? ఇంజిన్ తిరుగుతుంది, నిజమే, కానీ అతుక్కున్న రింగు విరిగి ఆ ముక్క బోరుని గీసుకుంటూ పోతుంది, కదలని వాల్వుని తోయబోయి పుష్‌రాడ్ వంగిపోతుంది. ఇరవై ఏళ్ల కిందట నేనే ఒక పద్మినిని జీపుతో లాగించాను. రెండు వందల గజాలు పోయాక "టక్" అని ఒక చప్పుడు వచ్చింది. వారం రోజుల ఓపికతో పోయేదానికి బోరింగ్, కొత్త పిస్టన్లు, లేత్ వర్క్ దాకా వెళ్లింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

మీరు చేయాల్సింది ఇది. ముందు పొడవాటి కర్రతో బానెట్ కింద, సీట్ల కింద, డిక్కీలో కదిపి చూడండి. ఇన్నేళ్లు నిలబడ్డ బండిలో పాము ఉండొచ్చు, కందిరీగల పట్టు ఉండొచ్చు, ఎలుకల గూడు మాత్రం తప్పకుండా ఉంటుంది. తర్వాత ఏదీ విప్పకముందే ఫోన్‌తో ఫోటోలు తీయండి, ఒక వంద తీసినా తక్కువే. ఏ వైరు ఎక్కడికి పోతోందో, ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉందో ఆరు నెలల తర్వాత మీకు గుర్తుండదు.

ఇప్పుడు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో ఒక చిన్న టీ గ్లాసులో సగమంత తుప్పు వదిలించే పలుచటి ఆయిల్ పోయండి. దొరక్కపోతే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సగం సగం కలిపి పోసినా పనిచేస్తుంది, అది పోసేటప్పుడు దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. రోజూ కొంచెం పోస్తూ వారం ఆగండి. తర్వాత బండి న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. అంగుళం కదిలినా చాలు, గెలిచినట్టే. కదలకపోతే బలం పెట్టొద్దు, ఇంకో వారం ఆగండి. నేను నెలన్నర ఆగిన ఇంజిన్లు ఉన్నాయి, అవి ఈ రోజు రోడ్డు మీద తిరుగుతున్నాయి.

చేత్తో పూర్తిగా తిరిగాక వాల్వ్ కవర్ తీసి, మీరు తిప్పుతుంటే ఎనిమిది వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. పాత ఆయిల్ దించండి. అది పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయని అర్థం, హెడ్డు విప్పక తప్పదు. నల్లగా చిక్కగా ఉంటే మంచి కబురే. రేడియేటర్లో మనవాళ్లు ఎప్పుడూ ఉత్త బోరు నీళ్లే పోసేవారు, కాబట్టి బ్లాకు లోపల తుప్పు బురద ఉంటుంది, నీళ్లు తేటగా వచ్చేవరకు కడగాలి.

పెట్రోల్ ట్యాంక్ జోలికి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. ఎన్నేళ్లు ఖాళీగా ఉన్నా ట్యాంక్‌లో పెట్రోల్ ఆవిరి ఉంటుంది, చిల్లు కనిపించింది కదా అని నేరుగా వెల్డింగ్ పెట్టించొద్దు, పేలుతుంది, మనుషులు పోతారు. ట్యాంక్ దించి రేడియేటర్లకి మాటు వేసే అనుభవం ఉన్నవాడికే ఇవ్వండి. ఈలోగా ఇంజిన్ పరీక్షకి ట్యాంక్ అక్కర్లేదు, చిన్న క్యాన్‌లో కొత్త పెట్రోల్ పోసి పైపుని కార్బురేటర్‌కి పెట్రోల్ అందించే పంపుకి కలిపితే చాలు. స్పార్క్ పుట్టించే కాంటాక్ట్ పాయింట్లు సన్నటి గరుకు కాగితంతో రుద్ది, వాటి పక్కనుండే కండెన్సర్ మార్చి, కొత్త ఇంజిన్ ఆయిల్ పోసి, అప్పుడు బ్యాటరీ పెట్టండి. ప్లగ్గులు బిగించకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ వస్తోందా చూడండి. అదయ్యాకే ప్లగ్గులు.

ఇంకొక్క మాట. స్టార్టయింది కదా అని గేటు దాటొద్దు. బ్రేకుల సంగతి చూడలేదు కదా. నాలుగు చక్రాల్లోనూ సిలిండర్లు పట్టేసి ఉంటాయి, రబ్బరు పైపులు బయటికి బాగున్నట్టు కనిపించినా లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. అన్నీ మార్చాలి, సర్దుబాటు లేదు. బ్రేక్ ఆయిల్ అయిపోయిందని ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉంది, అది పోస్తే బ్రేకుల్లోని రబ్బర్లన్నీ ఉబ్బిపోయి బ్రేకు పట్టేస్తుంది. డ్రమ్ముల్లో దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవండి.

మీది మార్క్ 3 కాబట్టి ఒక ఊరట ఉంది. ఆ 1489 సీసీ ఇంజిన్ సామాన్లు దొరకడం కష్టం కాదు. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయినా, విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి, లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్ ఉండనే ఉంది. మీరు భయపడాల్సింది ఇంజిన్ గురించి కాదు, ఫ్లోర్ గురించి. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ఉండే పెట్టెలాంటి సెక్షన్, జాకీ పెట్టే చోటు, ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు పట్టుకునే చోటు, ఈ మూడింటినీ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగిపోతే ముందు అక్కడ కొత్త రేకు పడాలి, ఆ తర్వాతే ఇంజిన్, బ్రేకులు, చివరికి రంగు. చాలామంది ఈ వరస తిరగేసి ముందు రంగు వేయించుకుని ఏడుస్తున్నారు.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర ఒక మూతపడ్డ మిల్లులో ప్రీమియర్ పద్మిని చూశాను. ఓనర్ చనిపోయాడట. వాచ్‌మన్ పాతిక వేలిస్తే తీసుకుపొమ్మంటున్నాడు. ఇచ్చేసి ట్రక్కు ఎక్కించేయనా అన్నా? (కరీంనగర్ జిల్లా పాఠకుడు)

తమ్ముడూ, వాచ్‌మన్‌కి ఆ కారు అమ్మే హక్కు లేదు. ఆయన చేతిలో డబ్బు పెట్టి బండి తీసుకెళ్తే చట్టం దృష్టిలో అది దొంగసొమ్ము కొన్నట్టే అవుతుంది, నువ్వు ఎంత ప్రేమతో కొన్నావన్నది ఎవరూ అడగరు. ఎన్నేళ్లు పడి ఉన్నా, టైర్లు లేకపోయినా, ఆ బండికి ఒక ఓనర్ ఉన్నాడు, ఆయన పోతే వారసులు ఉన్నారు.

బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసుకో, ఫోటో తీసుకో. నంబర్ ప్లేటు మీద పాత మూడక్షరాల నంబరు ఉండొచ్చు, అదీ రాసుకో. మిల్లు ఎవరిదో ఊళ్లో పెద్దవాళ్లకి తెలుస్తుంది, వారసుల్ని వెతుక్కుంటూ వెళ్లు. హైదరాబాద్‌లోనో బయట దేశంలోనో ఉంటారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు తుక్కు రేటు గురించి ఎత్తకు, బండిని ఏం చేయాలనుకుంటున్నావో చెప్పు. నా అనుభవంలో చాలా బండ్లు అలాగే దొరికాయి. నాన్న నడిపిన కారు మళ్లీ నడుస్తుందంటే వాళ్లకి అదొక ఆనందం, ఒకావిడ అయితే డబ్బే తీసుకోలేదు, "రోడ్డెక్కిన రోజు మమ్మల్ని ఒక్కసారి కూర్చోబెట్టండి చాలు" అంది.

తర్వాత కాగితాలు. ముందు వారసుల పేరు మీదికి మారాలి, దానికి ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి. తర్వాత వాళ్ల నుంచి నీకు, ఫారం 29, 30. ఆర్‌సీ పుస్తకం పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు కాపీతో ఫారం 26 పెట్టి డూప్లికేట్ అడగాలి. పాత పుస్తకం ఆర్‌సీలు చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండవు, ఆర్టీవో ఆఫీసులో పాత రిజిస్టర్ తీయించి ఎక్కించమని అర్జీ పెట్టాలి. రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది, ఓపిక పట్టు. ఆర్‌సీ గడువు 15 ఏళ్లకే అయిపోయి ఉంటుంది కాబట్టి బండి బాగయ్యాక ఫారం 25 పెట్టి, బండిని చూపించి, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజులు బాగా పెరిగాయి, అది ముందే లెక్కలో వేసుకో. రెన్యువల్ అయ్యేదాకా బండిని రోడ్డు మీద నడపొద్దు, ట్రక్కు మీదే తీసుకెళ్లు.

వారసులే దొరక్కపోతే? ఆ బండిని వదిలేయి. వేరే బండి ఆర్‌సీ తెచ్చి దీనికి అతికించే సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు, వాళ్ల మాట వినకు. ఛాసిస్ నంబరు మార్చిన బండి ఎంత అందంగా ఉన్నా అది నేరమే, రేపు నీ పిల్లలకి కూడా ఇవ్వలేవు.

ప్రశ్న: చిన్న చిన్న భాగాల తుప్పు వదలడానికి చెరకు మడ్డిలో నానబెడతారని విన్నాను, నిజమేనా? (తణుకు)

నిజమే. మడ్డి ఒక వంతు, నీళ్లు తొమ్మిది పది వంతులు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, ఇనుప భాగాలు మునిగేలా ఒకట్రెండు వారాలు ఉంచితే తుప్పు మాత్రమే వదులుతుంది, మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, అదే గంటలో ఆయిలో ప్రైమరో పూయాలి, ఆలస్యమైతే మళ్లీ ఎర్రబడుతుంది. అల్యూమినియం, కార్బురేటర్ బాడీలు, తలుపు హ్యాండిళ్లలాంటి పోతపోసిన జింకు భాగాలు మాత్రం అందులో వేయొద్దు, అది వాటిని తినేస్తుంది. వాసన భరించలేం, డ్రమ్ము ఇంటికి దూరంగా పెట్టండి.

ప్రశ్న: మా మావయ్యగారి స్టాండర్డ్ హెరాల్డ్ మాకు ఇచ్చారు. టింకరింగ్ షెడ్డు ఆయన బాడీ మొత్తం సాండ్ బ్లాస్టింగ్ చేయించి మెటాలిక్ ఎరుపు వేద్దామంటున్నారు. పాత లేత నీలం రంగు చాలాచోట్ల ఇంకా ఉంది. మీరేమంటారు? (రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు)

అమ్మా, మీ చేతిలో ఉన్నది అరుదైన బండి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసిన కారు అది, గీత గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి. బానెట్టూ ఫెండర్లూ అన్నీ కలిసి ఒకేసారి ముందుకి తెరుచుకుంటాయి చూడండి, ఇంజిన్ పక్కన టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు, మెకానిక్‌కి అంత సుఖమైన కారు ఇంకోటి నేను చూడలేదు.

సాండ్ బ్లాస్టింగ్ ఛాసిస్‌కి మంచిదే. అంబాసిడర్‌లా కాకుండా హెరాల్డ్‌కి ఛాసిస్ విడిగా ఉంటుంది, బాడీ ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, విప్పితే ఛాసిస్ ఒక్కటే పంపొచ్చు. కానీ తలుపులు, బానెట్, డిక్కీ మూతలాంటి పలచటి వెడల్పాటి రేకుల మీద ఇసుక అంత ఒత్తిడితో కొడితే రేకు సాగి అలలు అలలుగా వంగిపోతుంది. ఆ వంకరలు దాచడానికి కేజీల్లో పుట్టీ పెడతారు, రెండు వానాకాలాలకి ఆ పుట్టీ కింద తుప్పు లేస్తుంది. రేకులకి రంగు తీసే కెమికల్, చేత్తో గరుకు కాగితం, అంతే. బాగా ఎక్కువ పని, నిజమే, కూలీ ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. గోదావరి గాలికి ఒట్టి రేకు ఒక్క రాత్రి ఉంచినా తుప్పు పడుతుంది కాబట్టి శుభ్రం చేసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి, పుట్టీ అవసరమైతే ఆ ప్రైమర్ మీదే, ఒట్టి రేకు మీద కాదు. ఇంతకుముందు ఎక్కడ పుట్టీ పెట్టారో తెలుసుకోవాలంటే చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరపండి, పట్టు వదిలిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టే.

ఇక రంగు. మెటాలిక్ ఎరుపు వద్దమ్మా, నా మాట వినండి. ఆ లేత నీలం అరవై ఏళ్ల కిందట ఫ్యాక్టరీలో పడ్డ రంగు అయితే దాన్ని మళ్లీ ఎవరూ తేలేరు, వేయగలిగింది అలాంటి రంగే తప్ప ఆ రంగు కాదు. పాత వాహనాల ప్రపంచ సంఘం ఫీవా కూడా ఉన్నదాన్ని కాపాడడమే ముందు, మార్చడం చివర అని చెబుతోంది. డాష్‌బోర్డ్ కింద, డిక్కీ మూత లోపల ఎండ తగలని చోట్ల రంగు ఎలా ఉందో చూడండి. పైన సగానికి పైగా నిలిచి ఉంటే పాలిష్ పట్టించి, పోయిన చోట్ల మాత్రం కలిపి వేయించి వదిలేయండి. మొత్తం వేయక తప్పదంటే ఆ లోపలి రంగుకే సరిపోల్చి వేయించండి, డిక్కీ లోపలి పాత రంగు మాత్రం ముట్టుకోనివ్వొద్దు, అది సాక్ష్యం.

ఇంకో విషయం, ఇది చాలామంది మెకానిక్‌లకి తెలియదు. హెరాల్డ్ ముందు చక్రాల దగ్గర అడుగున ట్రనియన్ అని ఒక కంచు భాగం ఉంటుంది, దానికి గ్రీజు కాదు, చిక్కటి గేర్ ఆయిల్ కొట్టాలి. గ్రీజు గట్టిపడితే లోపలి మరలు ఎండి అరిగి, ఒకరోజు నడుస్తుండగానే విరిగి చక్రం పక్కకి పడిపోతుంది. రంగు కంటే ముందు అది విప్పి చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి 1964 ఫియట్ 1100కి వింటేజ్ బండ్లకిచ్చే వీఏ నంబరు తీసుకోవాలా, పాత నంబరే ఉంచుకోవచ్చా? (విజయవాడ)

పాతదే ఉంచుకోండి, ఉంచుకోనిస్తారు. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవాటికి పాత నంబరే కొనసాగుతుంది, కొత్తగా నమోదయ్యేవాటికే వీఏ సిరీస్. కొత్త నమోదుకి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ నమోదుకి 5,000. కానీ అలా నమోదైతే బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోల్‌కి, రిపేర్‌కి మాత్రమే. మీరు ఆదివారాలు అమ్మగారిని గుడికి తీసుకెళ్దామనుకుంటే మామూలు రెన్యువలే మేలు.

ప్రశ్న: ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్‌తో పాత బండ్లు పాడవుతాయా? చాలా టెన్షన్‌గా ఉంది. (గుంటూరు, వరంగల్, ఇంకా చాలామంది)

20 శాతం ఇథనాల్ పెట్రోల్ ఈ బండ్ల కోసం చేసింది కాదు, కానీ బండి అమ్మేసుకునేంత ప్రమాదమూ లేదు. ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంక్ నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చండి. పైపు చిట్లి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే బండి తగలబడుతుంది, ఇందులో పొదుపు చూడొద్దు. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంక్‌లో పెట్రోల్ ఉంచొద్దు. ఎప్పుడైనా హెడ్డు విప్పితే గట్టి వాల్వ్ సీట్లు కూడా వేయించేయండి. మన దేశంలో 2000 నుంచి పెట్రోల్‌లో సీసం లేదు, ఆ సీసం ఉన్న రోజుల్లో చేసిన సీట్లు మెల్లగా అరుగుతూ ఉంటాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. నెల్లూరులో ఉన్న నాన్న అంబాసిడర్‌ని ఇక్కడికి తెచ్చుకుని రిస్టోర్ చేయించాలని ఉంది. సాధ్యమేనా? (అమెరికా నుంచి)

సాధ్యమే. తయారై 25 ఏళ్లు దాటిన బండికి అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది, అసలు ఇంజిన్‌తోనే ఉండి 21 ఏళ్లు దాటితే పొగ నిబంధనల నుంచీ ఉంది. స్టీరింగ్ కుడివైపు ఉన్నా ఫర్వాలేదు. బండి అడుగున మన మట్టి అంటుకుని ఉంటే మాత్రం రేవులో ఆపేస్తారు, ఎక్కించే ముందు బాగా కడిగించాలి. అయితే పని ఎక్కడ చేయించాలని అడిగితే ఇక్కడే అంటాను. అంబాసిడర్ తెలిసిన చేతులు ఇక్కడ ఉన్నాయి, సామాన్లు ఇక్కడ ఉన్నాయి. నెల్లూరులోనో చెన్నైలోనో బాగు చేయించి, సెలవులకి వచ్చినప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని వెయ్యి కిలోమీటర్లు తిప్పి, లోపాలన్నీ బయటపడ్డాక అప్పుడు ఓడ ఎక్కించండి. ఆ బోర్లూ రేకులూ అక్కడ చేయించాలంటే గంట కూలీకే మీ గుండె గుభేలుమంటుంది.

ప్రశ్న: పాత ఇంజిన్ తీసేసి ఎలక్ట్రిక్ మోటర్ పెట్టించుకుంటే ఏ గొడవా ఉండదు కదా? (హైదరాబాద్)

ఇంజిన్ ఎప్పుడో తుక్కుకి పోయి, ఒట్టి బాడీ మిగిలిన బండి అయితే పెట్టించుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆమోదం పొందిన కిట్టే వాడాలి, ఆర్టీవో దగ్గర ఆర్‌సీలో మార్పించాలి. కానీ ఇంజిన్ బతికి ఉన్న బండికి వద్దు. అది తీసేశాక మిగిలేది ఆ కారు ఆకారం మాత్రమే.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒకసారి చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి ఆ పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు కాసేపు నిలబడండి, శుక్రవారం మాత్రం సెలవు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు, అది వచ్చేసరికి ఆయన లేరు. దశాబ్దాలు మూలన పడి ఉన్నదాన్ని తర్వాత బాగుచేసి అక్కడ పెట్టారు. దాని ఇంజిన్ తీసేసి ఉంటే మీరు చూడటానికి వెళ్తారా, ఆలోచించండి.

ప్రశ్న: నాన్నగారు పోయి రెండేళ్లైంది. ఆయన పద్మిని షెడ్డులో ఉంది. తమ్ముడు తుక్కుకి ఇచ్చేద్దామంటున్నాడు. నాకు ఇష్టం లేదు, కానీ బాగు చేయించే డబ్బు ఇప్పుడు లేదు. ఏం చేయమంటారు? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

ఇప్పుడు బాగు చేయించక్కర్లేదమ్మా. ఇంకా పాడవకుండా ఆపితే చాలు, దానికి పెద్ద ఖర్చు లేదు. తమ్ముడితో అయిదేళ్లు గడువు అడగండి, ఆ అయిదేళ్లు బండి ఇలాగే ఉండేలా చూసే పని మీది.

బ్యాటరీ తీసేయండి. పెట్రోల్ మొత్తం దించేయండి. బండిని నాలుగు చోట్లా జాకీతో లేపి చెక్క దిమ్మల మీద నిలబెట్టండి, ఇటుకలు వద్దు, పగిలిపోతాయి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి ఉంచండి, లేకపోతే లైనింగ్ డ్రమ్ముకి అంటుకుపోతుంది. ప్లగ్గులు విప్పి మెకానిక్ చేత ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఆయిల్ పోయించి, రెండు నెలలకోసారి ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పించండి. సైలెన్సర్ మూతికి, గాలి పీల్చే గొట్టానికి గుడ్డ కుక్కండి, ఎలుకలు దూరకుండా. కిటికీ అద్దం ఒక వేలు మందం దించి ఉంచితే లోపల బూజు పట్టదు. ప్లాస్టిక్ టార్పాలిన్ మాత్రం కప్పొద్దు, సముద్రపు గాలి ఊళ్లో దాని కింద తేమ చేరి షెడ్డు బయట ఉన్న బండి కంటే తొందరగా తుప్పు పడుతుంది, పాత నూలు దుప్పట్లు కప్పండి.

షెడ్డులో వెతికి నాన్నగారి టూల్ కిట్, జాకీ, వీల్ కప్పులు, రెండో తాళం చెవి, ఆర్‌సీ పుస్తకం, పాత సర్వీసు బిల్లులు, ఏది దొరికితే అది ఒక గోనెసంచిలో వేసి ఇంట్లోకి తెచ్చుకోండి, ఇవే ముందు మాయమవుతాయి. ఆర్‌సీ మీ పేరు మీదికో అమ్మగారి పేరు మీదికో మార్చే పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, సంతకాలు పెట్టాల్సిన వాళ్లంతా ఇప్పుడు ఒకే ఊళ్లో ఉన్నారు. ఒక మెకానిక్, ఒక ఆదివారం పొద్దున చాలు. వానలు మొదలవ్వకముందే పిలిపించండి, ఎక్కడైనా ఇబ్బంది వస్తే ఫోటో తీసి ఈ పేజీకి మళ్లీ రాయండి.